దేశం మారినా పాట ఆగకూడదంటే

పరాయి దేశం చేరిన కొత్తలో పాటల గురించి ఎవరూ ఆలోచించరు. ఫోన్‌లో యాప్ ఉంటుంది, యాప్‌లో ప్లేలిస్టు ఉంటుంది, అన్నీ మామూలుగానే వినిపిస్తుంటాయి. తిరకాసు రెండో వారం దాటాక మొదలవుతుంది. స్పాటిఫై ఉచిత ఖాతాను, తెరిచిన దేశం బయట 14 రోజులకు మించి వాడనివ్వరు. ఆ తర్వాత లాగిన్ అవబోతే దేశం మార్చుకోమంటుంది. డబ్బు కట్టే ఖాతాకు ఆ గడువు లేదు గానీ, కట్టే కార్డు పాత దేశానిది. ఆ కార్డు గడువు తీరినప్పుడో, ఆ బ్యాంకు ఖాతా మూసేసినప్పుడో కథ మళ్లీ మొదటికి వస్తుంది. సరే, దేశం మార్చుకున్నారనుకుందాం. ప్లేలిస్టులో కొన్ని పాటల పేర్లు బూడిద రంగులోకి మారిపోతాయి. పాటల హక్కులు దేశాలవారీగా అమ్ముడవుతాయి కాబట్టి, ఒక చోట దొరికే పాట ఇంకో చోట దొరకాలనే నియమం ఏమీ లేదు.

ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఆ డౌన్‌లోడ్‌కూ ఒక తాడు కట్టి ఉంటుంది. కనీసం 30 రోజులకోసారి ఆ పరికరాన్ని ఇంటర్నెట్‌కి కలపకపోతే దాచుకున్న పాటలు మోగవు. మన పరికరంలో ఉన్నాయి గానీ మనవి కావు. అద్దె ఇల్లు లాంటివి.

అందుకే సొంత ఊళ్లో ఉన్నవాళ్లు మ్యూజిక్ ప్లేయర్ కొనేటప్పుడు వేసుకునే ప్రశ్న వేరు, దేశాలు మారేవాళ్లు వేసుకోవలసిన ప్రశ్న వేరు. మొదటివాళ్లు ‘ఏది బాగా వినిపిస్తుంది’ అని అడిగితే చాలు. రెండోవాళ్లు ముందుగా ‘ఇది మోగడానికి ఎవరెవరి అనుమతి కావాలి’ అని అడగాలి. ఖాతా, దేశం, యాప్, ఇంటర్నెట్, ఇంటి దగ్గర వదిలేసిన కంప్యూటర్, కొన్న దేశంలోని సర్వీస్ సెంటర్... ఈ జాబితా ఎంత పొట్టిగా ఉంటే ఆ ప్లేయర్ అంత కాలం తోడుంటుంది. శబ్ద నాణ్యత గురించి మాట్లాడుకోవలసింది ఆ తర్వాతే.

ఈ బెడద మొదటి నుంచీ ఉన్నది కాదు. 1979 జులైలో సోనీ మొదటి వాక్‌మన్‌ని అమ్మకానికి పెట్టినప్పుడు క్యాసెట్‌కి దేశం లేదు. ఎక్కడ కొన్న క్యాసెట్ అయినా ఎక్కడి వాక్‌మన్‌లో అయినా తిరిగేది. తర్వాత వచ్చిన సీడీ కూడా అంతే. సినిమాల డీవీడీకి మాత్రం రీజియన్ కోడ్ అని ఒక కంచె కట్టారు. పాటల సీడీకి ఆ కంచె లేదు. పేచీ అంతా పాట ఫైల్‌గా మారాక వచ్చింది. 2001 అక్టోబర్‌లో ఆపిల్ ఐపాడ్ విడుదల చేసింది. మొదటి దాని సామర్థ్యం 5 జీబీ, అంటే సుమారు వెయ్యి పాటలు. చేతిలో పట్టే పెట్టెలో అన్ని పాటలంటే అప్పట్లో అబ్బురమే. కానీ అది ఒక సమయంలో ఒక కంప్యూటర్‌లో ఆపిల్ పాటల సాఫ్ట్‌వేర్ అయిన ఐట్యూన్స్ లైబ్రరీకే కట్టుబడి ఉండేది. చదువుకో ఉద్యోగానికో వేరే దేశం వెళ్లినవాళ్లు అక్కడ కొత్త కంప్యూటర్ కొని, దానికి ఐపాడ్ కలిపితే, ఉన్న పాటలన్నీ చెరిపేసి ఈ లైబ్రరీతో నింపమంటారా అని అడిగేది. అలవాటుగా ‘సరే’ నొక్కితే అంతే సంగతులు. దాచుకున్న పాటలన్నీ చిటికెలో మాయం.

మైక్రోసాఫ్ట్ తెచ్చిన జూన్ (Zune) అనే ప్లేయర్ ఇంకో రకం పాఠం. 2006 నవంబర్‌లో అమెరికాలో మొదలై, తర్వాత కెనడా వరకు వెళ్లి అక్కడితో ఆగింది. దానికి సొంత కేబుల్, సొంత సాఫ్ట్‌వేర్, సొంత దుకాణం. 2015 నవంబర్‌లో ఆ సేవలు మూతపడ్డాయి. యంత్రం బాగానే ఉంది, చుట్టూ ఉన్న ఏర్పాటే పోయింది. ఐపాడ్ వరుసలో చివరి మోడల్‌ని కూడా ఆపిల్ 2022 మేలో ఆపేసింది.

ఇప్పుడు మార్కెట్లో దొరికే ప్లేయర్లను చూస్తే అవి స్థూలంగా రెండు జాతులు. ఒకటి ఆండ్రాయిడ్ మీద నడిచేది. సోనీ వాక్‌మన్ పేరుతో ఇప్పుడు అమ్మే కొన్ని, ఫియో, హైబీ, షాన్లింగ్ లాంటి కంపెనీల పెద్ద మోడళ్లు ఈ కోవలోకి వస్తాయి. ఇవి సిమ్ లేని ఫోన్లని అనుకోవచ్చు. స్ట్రీమింగ్ యాప్‌లు వేసుకోవచ్చు, తెర పెద్దది, చూడ్డానికి బాగుంటుంది. రెండో జాతి ఏ కంపెనీకి ఆ కంపెనీ రాసుకున్న చిన్న సాఫ్ట్‌వేర్‌తో నడిచేది. యాప్‌లు ఉండవు, ఫైళ్లు తెరిచి మోగించడం తప్ప పెద్దగా ఏమీ తెలియదు. మీట నొక్కిన కొద్ది సెకన్లకే లేస్తుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

దేశాలు మారేవాళ్లకు ఈ రెండో జాతే మేలు. ఆండ్రాయిడ్ ప్లేయర్‌లో శబ్దపు విభాగం పదేళ్లు బాగున్నా, అందులోని ఆండ్రాయిడ్ నాలుగైదేళ్లకే పాతబడుతుంది. ప్లేయర్ కంపెనీలు చిన్నవి, అప్‌డేట్లు అరకొరగా ఇస్తాయి. ఒక రోజు స్ట్రీమింగ్ యాప్ ఈ వెర్షన్ మీద నడవనంటుంది. పైగా యాప్‌లు తెచ్చుకోవడానికి మళ్లీ ఖాతా, ఆ ఖాతాకు ఒక దేశం. గూగుల్ ప్లేలో దేశాన్ని ఏడాదికి ఒకసారే మార్చుకోవచ్చు. ఆపిల్ ఖాతాలో అయితే ముందుగా ఉన్న నిల్వ డబ్బు ఖర్చుపెట్టాలి, నడుస్తున్న చందాలు ముగించాలి, అప్పుడు గానీ దేశం మారదు. యాప్‌ల కోసమే అయితే చేతిలో ఫోన్ ఉండనే ఉంది; ప్లేయర్ కొనడంలో అర్థమే ఫోన్ చేయలేని పని అది చేయడం.

ఏ ప్లేయర్ అయినా కంప్యూటర్‌కి కలిపినప్పుడు ఎలా కనిపిస్తుందో చూడాలి. మామూలు పెన్‌డ్రైవ్‌లా కనిపించి, పాటల ఫైళ్లను లాగి పడేస్తే చాలు అన్నట్టు ఉంటే, ప్రపంచంలో ఏ మూల ఏ కంప్యూటర్ దొరికినా పని జరుగుతుంది. లైబ్రరీలోదైనా, రూమ్‌మేట్‌దైనా. ఆండ్రాయిడ్ ప్లేయర్లు సాధారణంగా ఎంటీపీ అనే వేరే పద్ధతిలో కలుస్తాయి. విండోస్‌కి అది తెలుసు, ఆపిల్ మ్యాక్‌కి తనంతట తానుగా తెలియదు, వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. మైక్రోఎస్‌డీ కార్డు పెట్టుకునే వీలుంటే ఈ గొడవే లేదు. కార్డు తీసి రీడర్‌లో పెట్టి నింపుకోవచ్చు. కార్డు వీలు లేని ప్లేయర్‌ని ఎంత బాగున్నా పక్కన పెట్టేయడమే మంచిది. లోపలి మెమరీ చెడిపోతే ప్లేయర్‌తో పాటు పాటలూ పోతాయి, కార్డు అయితే జేబులో ఇంకోటి ఉంచుకోవచ్చు.

ఎంత పెద్ద కార్డు కావాలి? 320 కేబీపీఎస్ (సెకనుకి 320 కిలోబిట్లు) ఎంపీ3లో ఐదు నిమిషాల పాట 12 ఎంబీ అవుతుంది. 128 జీబీ కార్డులో అలాంటివి పది వేలు పడతాయి. వరుసగా, నిద్రపోకుండా విన్నా దాదాపు 35 రోజులు. నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ అనే ఫార్మాట్‌లో అదే పాట 30 ఎంబీ చుట్టూ ఉంటుంది, కాబట్టి నాలుగు వేలు. ఎంపీ3 మీద పేటెంట్ల లైసెన్సింగ్ 2017తో ముగిసింది, ఫ్లాక్ 2001లో పుట్టినప్పటి నుంచీ ఉచితమే. ఈ రెంటినీ మోగించలేని ప్లేయర్ ఇప్పుడు దొరకడమే కష్టం. అందుకే అసలు ప్రతిని ఫ్లాక్‌లో దాచుకుని, ప్లేయర్‌లోకి ఏది సౌకర్యమైతే అది వేసుకోవడం తెలివైన పని.

కార్డుల దగ్గర రెండు జాగ్రత్తలు. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, చవక ప్లేయర్లలో కొన్నిటికి అది చదవడం రాదు. అదే కార్డుని ఫ్యాట్32లోకి మారిస్తే చాలాసార్లు దారికొస్తుంది. రెండోది మోసం. మీద 512 అని రాసి, లోపల అందులో పదో వంతు కూడా లేని కార్డులు ఆన్‌లైన్‌లో బోలెడు. నింపుతున్నప్పుడు ఏ ఇబ్బందీ కనిపించదు. అసలు సామర్థ్యం దాటిన తర్వాత వేసిన పాటలే మోగవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 లాంటి ఉచిత సాధనాలు కార్డుని అంచుల దాకా నింపి, తిరిగి చదివి నిజం బయటపెడతాయి. గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి తెలుస్తుంది, వాపసు ఇచ్చే గడువు లోపలే.

ఇక తెలుగు లాంటి లిపులు చదివేవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది, దీన్ని ఇంగ్లిష్ సమీక్షల్లో అరుదుగా ప్రస్తావిస్తారు. పాట పేరు తెలుగు లిపిలో ఉంటే ఏమవుతుంది? చిన్న ప్లేయర్లలో తరచుగా డబ్బాలు, ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. కొన్నిటిలో తెలుగు ఫాంట్ ఉన్నా ఒత్తులు కిందికి దిగవు, అక్షరాలు పొట్లాడుకున్నట్టు పక్కపక్కన నిలబడతాయి. దీనికి కారణం ఉంది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ఆరు ముక్కలు. వాటిని కలిపి ఒకే ఆకారంగా గీయాలంటే ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ కావాలి. ఫోన్లలో ఉంటుంది, చిన్న ప్లేయర్లలో చాలావరకు ఉండదు. పైగా ఒక్కో ముక్క యూటీఎఫ్-8లో మూడు బైట్లు తింటుంది, అంటే ఆ ఒక్క అక్షరానికి 18. ఎంపీ3 ఫైలుకి పాట పేరు తగిలించే ఐడీ3 ట్యాగు 1996లో మొదలైనప్పుడు పేరుకి కేటాయించిన చోటు మొత్తం 30 బైట్లు. అలాంటి అక్షరాలు రెండు కూడా పట్టవు. తర్వాతి ఐడీ3 వెర్షన్లు ఈ చిక్కు తీర్చాయి గానీ, వాటిలో 2.3ని చదివే పాత ప్లేయర్లు కొన్ని 2.4ని చదవలేవు.

ఆండ్రాయిడ్ ప్లేయర్‌కి మొగ్గడానికి ఇదొక్కటే గట్టి కారణం. అందులో తెలుగు పూర్తిగా, అందంగా కనిపిస్తుంది. చిన్న ప్లేయరే కావాలంటే రాజీ పడక తప్పదు. ఫైలు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు 01, 02 అని అంకెలతో పెట్టుకుని, ట్యాగులు 2.3లో ఉంచుకోవాలి. అంకెలు పెట్టినా కొన్ని చవక ప్లేయర్లు పేర్ల వరుసలో కాకుండా కార్డులోకి ఏది ముందు ఎక్కితే అది ముందు మోగిస్తాయి. కచేరీ రికార్డింగులో మంగళం ముందు వచ్చి వర్ణం చివర వస్తే కారణం ఇదే. ఫైళ్లన్నీ ఒకేసారి పడేయకుండా వరుసగా కాపీ చేస్తే సర్దుకుంటుంది. కచేరీలు వినేవాళ్లు ఇంకోటి కూడా చూసుకోవాలి: ఒక ట్రాక్ అయ్యి రెండోది మొదలయ్యేటప్పుడు మధ్యలో విరుపు లేకుండా మోగించే వీలు, అంటే గ్యాప్‌లెస్. ఆలాపన మధ్యలో అర సెకను నిశ్శబ్దం వస్తే చిరాకు అంతా ఇంతా కాదు.

శబ్దం విషయానికి వస్తే, ప్రచారం ఎక్కువ, పస తక్కువ. సీడీ నాణ్యత అంటే సెకనుకి 44,100 నమూనాలు, 16 బిట్లు. దీంతో 22 కిలోహెర్ట్జ్ దాకా, సుమారు 96 డెసిబెల్ వ్యాప్తితో శబ్దాన్ని పట్టుకోవచ్చు. మనిషి చెవి పై హద్దు చిన్న వయసులోనే 20 కిలోహెర్ట్జ్, వయసుతో అది తగ్గుతూ పోతుంది. సీడీని మించిన నాణ్యత అంటూ 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని రాసిన ఫైళ్లు కార్డులో చోటు తినడం మాత్రం ఖాయం. మెట్రో రైల్లో, బస్సులో, విమానంలో వినేవాళ్లకు ఆ తేడా తెలిసే అవకాశమే లేదు. వాటికి పెట్టే డబ్బుని చెవిలోకి సరిగ్గా కూర్చుని బయటి రొద ఆపే ఇయర్‌ఫోన్ల మీద పెడితే తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. బయటి రొద తగ్గితే వాల్యూమ్ కూడా తగ్గించి వినవచ్చు.

వాల్యూమ్ అంటే గుర్తొచ్చింది. ఒకే పేరుతో ఉన్న ప్లేయర్ యూరప్‌లో కొంటే తక్కువ శబ్దంతో, ఇంకో చోట కొంటే ఎక్కువ శబ్దంతో మోగవచ్చు. అది లోపం కాదు. యూరోపియన్ యూనియన్ ప్రమాణాల ప్రకారం 2013 నుంచి అక్కడ అమ్మే ప్లేయర్లు మామూలుగా 85 డెసిబెల్ దగ్గర ఆగాలి. వినేవారు హెచ్చరిక చదివి ఒప్పుకుంటే 100 దాకా వెళ్లవచ్చు, ఆ హెచ్చరిక ప్రతి 20 గంటల వినికిడి తర్వాత మళ్లీ రావాలి. పెద్ద హెడ్‌ఫోన్లు, ముఖ్యంగా విద్యుత్ నిరోధం ఎక్కువగా ఉండే 250, 300 ఓమ్‌ల రకం, ఇలాంటి ప్లేయర్‌తో నీరసంగా వినిపిస్తాయి. 16 నుంచి 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్లకు ఇబ్బంది ఉండదు. సెట్టింగుల్లో దొంగదారి వెతికి ఆ హద్దు తీసేసేవాళ్లు ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్ దగ్గర వారానికి 40 గంటలు సురక్షితం. ఆ పైన ప్రతి మూడు డెసిబెళ్లకు ఆ సమయం సగమవుతుంది. ఒంటరిగా ఉండేవాళ్లు రోజంతా చెవుల్లో పాటలతోనే గడుపుతారు కాబట్టి, ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

బ్లూటూత్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. శబ్దాన్ని కుదించి గాల్లో పంపే పద్ధతుల్లో (కోడెక్‌లలో) ఎస్‌బీసీ అన్నిటిలోనూ ఉంటుంది. ఎల్‌డాక్ లాంటి మెరుగైనవి పనిచేయాలంటే ప్లేయర్‌లోనూ ఇయర్‌ఫోన్‌లోనూ రెండు వైపులా ఉండాలి. 3.5 మిల్లీమీటర్ల పిన్ను రంధ్రం ఉన్న ప్లేయర్‌నే ఎంచుకుంటే ఎక్కడైనా దొరికే ఇయర్‌ఫోన్ పనికొస్తుంది.

రేడియో ఉన్న ప్లేయర్ కొనేవాళ్లు తక్కువే గానీ, కొత్త దేశపు భాష చెవికి అలవాటు కావడానికి రేడియోని మించినది లేదు, ఖర్చూ లేదు. అయితే అదీ దేశాన్ని బట్టే పనిచేస్తుంది. చాలా దేశాల్లో ఎఫ్‌ఎం 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. జపాన్‌లో 76 నుంచి 95. అక్కడి మార్కెట్ కోసమే చేసినది బయటకు తెస్తే సగానికి పైగా స్టేషన్లు అందవు. నార్వేలో 2017లోనే జాతీయ స్టేషన్లు ఎఫ్‌ఎం వదిలేసి డిజిటల్‌కి మారిపోయాయి. రీజియన్ మార్చుకునే సెట్టింగు ఉందో లేదో చూడటం అందుకే. ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్‌గా పనిచేస్తుంది కాబట్టి బ్లూటూత్‌తో వింటున్నా తీగ గుచ్చి ఉంచాల్సిందే.

చార్జింగ్‌కి దేశం పెద్ద అడ్డంకి కాదు. అడాప్టర్ మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే గోడ ప్లగ్గు ఆకారం మార్చుకోవడం తప్ప పని లేదు. అసలు మెలిక కేబుల్ దగ్గర ఉంది. కొన్ని చవక ప్లేయర్లకు యూఎస్‌బీ-సి రంధ్రం ఉంటుంది, కానీ కొత్త రకం చార్జర్, రెండు వైపులా సి ఉన్న కేబుల్ పెడితే చార్జ్ కాదు. ‘నాకు కరెంటు కావాలి’ అని చార్జర్‌కి చెప్పే రెండు చిన్న రెసిస్టర్లను తయారీలో పెట్టకుండా వదిలేసి ఉంటారు. చార్జర్ వైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్ వాడితే చక్కగా చార్జ్ అవుతుంది. చెడిపోయిందని పారేసే ముందు ఈ ఒక్కటి ప్రయత్నించాలి.

బ్యాటరీ మాత్రం నిజంగా ఆలోచించాల్సిన విషయం. విమానంలో ఇబ్బంది లేదు. 3,000 ఎంఏహెచ్ బ్యాటరీ 11 వాట్-అవర్లే, సాధారణ పరిమితి 100. పవర్ బ్యాంక్ మాత్రం లగేజీలో వేయకుండా చేతిసంచిలోనే ఉంచుకోవాలి. తలనొప్పి రిపేరు దగ్గర. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. ప్లేయర్‌ని ఆ దేశానికి పంపి బాగుచేయిద్దామంటే లోపల లిథియం బ్యాటరీ ఉంది, పోస్టులో దానికి ఆంక్షలున్నాయి. అందుకే ఖరీదైన ప్లేయర్ అయితే ఎక్కడ రెండు మూడేళ్లు ఉండబోతున్నారో అక్కడే కొనాలి. చవకదైతే ఎక్కడ కొన్నా ఒకటే. స్థానిక మార్కెట్ కోసం చేసిన మోడళ్లలో కొన్నిటికి మెనూ ఆ దేశపు భాషలోనే ఉంటుంది కాబట్టి, కొనే ముందు భాషల జాబితా తెరిచి చూడటం మర్చిపోకూడదు.

ఇంతకీ ఆ కార్డులోకి పాటలు ఎక్కడి నుంచి రావాలి? సొంత సీడీలు ఉంటే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు, లేదా బ్యాండ్‌క్యాంప్ లాంటి వెబ్‌సైట్లలో, కాపీని అడ్డుకునే తాళం (డీఆర్‌ఎం) లేని ఫైళ్లు కొనుక్కోవచ్చు. ఐట్యూన్స్ దుకాణం కూడా 2009లోనే పాటల మీద తాళం తీసేసింది. కొన్న పాటలను ఖాతా దేశం మార్చకముందే దించుకోవాలి, తర్వాత అవి మళ్లీ దొరుకుతాయన్న హామీ లేదు. చట్టం కూడా దేశానికొక రకం. సొంత సీడీని సొంత వాడకానికి కాపీ చేసుకోవచ్చని బ్రిటన్ 2014లో నిబంధన తెస్తే, 2015లో హైకోర్టు కొట్టేసింది. జర్మనీలో టొరెంట్‌తో పాటలు దించితే, దించుతూనే ఇతరులకు పంచుతున్నట్టు లెక్క కాబట్టి, ఇంటర్నెట్ ఎవరి పేరున ఉంటే వాళ్లకు లాయర్ నోటీసు వస్తుంది. ఇంటి ఓనర్ పేరున ఉందనుకోండి, అది ఇంకో టెన్షన్.

అసలు ప్లేయరే అక్కర్లేనివాళ్లూ ఉన్నారు. ఫోన్‌లో ఖాళీ ఉండి, బ్యాటరీ సాయంత్రం దాకా వస్తూ, నోటిఫికేషన్లు విసిగించకపోతే, సొంత ఫైళ్లను ఫోన్‌లోనే వేసుకుని, పిన్ను రంధ్రం లేకపోతే ఒక చిన్న యూఎస్‌బీ డాంగిల్ తగిలించుకుంటే సరిపోతుంది. పాత ఐపాడ్ క్లాసిక్ ఏదైనా డ్రాయర్‌లో పడి ఉంటే దానికి రాక్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే ఐట్యూన్స్ పీడ విరగడై మామూలు డ్రైవ్‌లా మారుతుంది, ఫ్లాక్ కూడా మోగిస్తుంది.

కొత్తది కొంటే మాత్రం వాపసు గడువులోపు ఒక సాయంత్రం దానికి కేటాయించాలి. వైఫై, బ్లూటూత్ ఆపేయాలి. వేరే ఎవరిదైనా కంప్యూటర్‌కి కలిపి ఒక ఆల్బమ్ ఎక్కించాలి. ఒత్తులు ఎక్కువున్న తెలుగు పేరు ఒకటి తెర మీద ఎలా వస్తుందో చూడాలి. పాట మధ్యలో ఆపి, పూర్తిగా స్విచ్ ఆఫ్ చేసి, మర్నాడు పొద్దున మళ్లీ ఆన్ చేయాలి. ఏ ఖాతా అడగకుండా, రాత్రి ఆగిన చరణం దగ్గరి నుంచే అందుకుంటే ఆ ప్లేయర్‌ని ఉంచేసుకోవచ్చు.